బూజు పట్టిన ద్రాక్షకి బంగారం ధర

పచ్చడి జాడీలో బూజు కనిపిస్తే మన గుండె గుభేలుమంటుంది కదూ! మరి తోటలో ద్రాక్షకి బూజు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే వాళ్ళున్నారంటే నమ్ముతారా? ఉన్నారండీ. ఫ్రాన్స్‌లో బోర్డో నగరానికి దక్షిణాన, సొటెర్న్ ప్రాంతంలో. 'షాతో దికెమ్' అనే తియ్యటి తెల్ల వైన్ తయారయ్యేది అక్కడే. వైన్ కబుర్లు మనకెందుకని మూతి ముడవకండి. తాగమని కాదు, ఆ తోటవాళ్ళ పట్టుదల చెబుదామని.

అక్కడ సిరాన్ అనే చల్లటి ఏరు వచ్చి, కాస్త వెచ్చగా ఉండే గరోన్ నదిలో కలుస్తుంది. అందుకని ద్రాక్ష పండే రోజుల్లో పొద్దున్నే పొగమంచు కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తేమకి బోట్రైటిస్ అనే బూజు పండు తొక్కలోకి దూరుతుంది. ఎండకి లోపలి నీరు ఆవిరై, పండు ముడుచుకుని, తీపంతా చిక్కబడుతుంది. అలాగని ఇంట్లో బూజు పట్టిన ద్రాక్ష పిల్లలకి పెట్టేరు సుమా! అది పారేయాల్సిందే.

పళ్ళన్నీ ఒకేసారి అలా అవ్వవు. అందుకే తోటంతా ఐదారుసార్లు తిరిగి, సరిగ్గా ముడుచుకున్నవే ఏరి కోస్తారు. ఒక తీగ మొత్తానికి వచ్చేది ఒక్క గ్లాసు వైనే!

ఈ తోటని నిలబెట్టింది ఒక ఆడమనిషి. ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్‌కి 1785లో పెళ్ళయింది. 1788లో భర్త పోయాడు. అప్పటికి ఆవిడకి ఇరవై ఏళ్ళు. ఫ్రెంచి విప్లవంలో రెండుసార్లు జైలుకీ వెళ్ళింది. అయినా తోట చేజారనివ్వలేదు. 1826లో వైన్ నిలవకి కొత్త కొట్టు కట్టించింది. 1855లో సొటెర్న్ వైన్లకి తరగతులు నిర్ణయించినప్పుడు అన్నిటికన్నా పైతరగతి దికెమ్ ఒక్కదానికే దక్కింది. చూసుకోడానికి ఆవిడ లేదు, 1851లోనే కన్నుమూసింది.

వచ్చిన పేరు నిలుపుకోవడం ఇంకా కష్టం. పంట సరిగ్గా కుదరని ఏడు ఆ పేరుతో ఒక్క సీసా కూడా అమ్మరు. 1972, 1974, 1992, 2012 సంవత్సరాల్లో అంతే చేశారు. పేరు చూసి కొనేవాళ్ళు ఉన్నా సరే! అందుకేనేమో, 1811 నాటి సీసా ఒకటి 2011లో 75,000 పౌండ్లకి అమ్ముడుపోయింది.

మనలో పచ్చళ్ళూ, పిండివంటలూ చేసి అమ్ముకునే వాళ్ళు ఎంతోమంది. ఒక వాయి చెడితే పారబోయడానికి ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. 'ఎవరు కనిపెడతారులే' అనీ అనిపిస్తుంది. అప్పుడొక్కసారి ఈ తోటని తలుచుకోండి.