ఖరీదైన బ్రేకులు

తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాడికి కారు బ్రేకుల గొడవ ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొన్నటి డిసెంబరు దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మా మేనల్లుడొకడు హైటెక్ సిటీలో, ఆ అద్దాల మేడల్లో ఒకదానిలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్ల పందెం జరిగింది గదా, వాడికి పిచ్చి పట్టింది అప్పుడే. మరుసటి ఏడాది జరగవలసిన పందెం రద్దయిపోయింది గాని, మావాడి పిచ్చి రద్దు కాలేదు. వీలు చిక్కినప్పుడల్లా మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి పోయి, సొంత కారునే అక్కడ తోలి వస్తూంటాడు.

కార్తీకమాసంలో ఒకనాడు పెద్ద అట్టపెట్టె ఒకటి తెచ్చి నా ముందు విప్పాడు. అందులో చిల్లులు పొడిచిన రెండు ఇనప పళ్ళేలు, కాసిని నల్లటి బిళ్ళలు. డిస్కులూ, ప్యాడ్లూ అన్నమాట.

“అసలైన పందెం ప్యాడ్లు మావయ్యా! ఎంత కాగినా పట్టు సడలదు” అన్నాడు.

“ఉన్న బ్రేకులకేం రోగం? నువ్వైనా చెప్పు అన్నయ్యా” అంది మా చెల్లెలు.

నేను పెద్దమనిషినై కూచుని, “సోకు కాదు గదమ్మా, బ్రేకులే గదా. ఖరీదైనవంటే మంచివే అయివుంటాయి. పెట్టుకోనీ” అని తీర్పు చెప్పేశాను. బ్రేకుల సంగతి నాకేం తెలుసని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

డిసెంబరులో ఒక తెల్లవారుజామున చెల్లెల్ని కంటి ఆపరేషనుకు తీసుకుపోతున్నాం. చలి, పలచగా మంచు. ఇల్లు కదిలి అయిదు నిమిషాలు కాలేదు. దుర్గంచెరువు తీగల వంతెన దాటి కాస్త ముందుకు పోయామో లేదో, రోడ్డూడ్చే మనిషి ఒకావిడ చెత్తబండి తోసుకుంటూ అడ్డంగా వస్తోంది. మావాడు బ్రేకు తొక్కాడు. కారు ఆగవలసిన చోట ఆగలేదు. మళ్ళీ బలమంతా పెట్టి తొక్కాడు. ఆవిడకు జానెడు దూరంలో ఆగింది. ఆవిడ చేతిలో చీపురు జారి కింద పడింది.

“పానం తీస్తవా బిడ్డా?” అంది.

కేక వేసి తిట్టినా బాగుండేది. మెల్లగా అడిగింది.

ఆ సాయంత్రమే కారును మూసాపేటలో ఒక ముసలి ఉస్తాద్ దగ్గరకు తీసుకుపోయాం. ఆయన చక్రం విప్పి, ప్యాడు మీద బొటనవేలు రాసి చూసి నవ్వాడు.

“ఇది పెనం లాంటిది సార్. కాగితేనే దోసె వస్తుంది. తెల్లారగట్ల చల్లటి పెనం మీద పిండి పోస్తే ఏమొస్తుంది?”

ఆయన చెప్పినదీ, తరువాత నేను చదువుకున్నదీ కలిపి మీకు చెబుతాను. బ్రేకు చేసే పని కారు వేగాన్ని వేడిగా మార్చడం, అంతే. 1200 కిలోల కారును 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే పుట్టే వేడితో సుమారు ఒకటిన్నర లీటర్ల చన్నీళ్ళను మరుగు పట్టించవచ్చు. వేగం సగమైతే వేడి సగం కాదు, నాలుగోవంతే. ట్రాకు మీద వంపు వంపుకీ ఇదే తంతు. చల్లారే వ్యవధి ఉండదు. అక్కడ మామూలు ప్యాడ్లు కాగిపోయి పట్టు విడుస్తాయి; పెడలు గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. బ్రేక్ ఆయిలు మరిగి ఆవిరైతే పెడలు నేలకు అంటుకుపోతుంది. అందుకని పందెం ప్యాడ్లను వేడికోసమే తయారు చేస్తారు. మాదాపూర్ సిగ్నళ్ళ మధ్య వాటికి ఆ వేడి ఎక్కడిది?

కనక వీధిలో తిరిగే కారుకు మొదటి తొక్కులోనే పట్టే ప్యాడు కావాలి. కొన్నింటి అంచున రెండు అక్షరాలు ఉంటాయి: మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది కాగినప్పటిది. ఈ కంటే ఎఫ్, ఎఫ్ కంటే జీ ఎక్కువ పట్టు. సిరామిక్ రకం చప్పుడూ మసీ తక్కువ. ఇనుము కలిసిన రకం వేడికి ఎక్కువ ఓరుస్తుంది గాని డిస్కును అరగదీస్తుంది. చిల్లుల డిస్కు చూపుకు బాగుంటుంది. ట్రాకు వేడికి చిల్లు దగ్గరే పగులు పుడుతుంది. లోపల గాలి ఆడే సాదా డిస్కు నయం. డిస్కు మీద కనీస మందం అచ్చుకొట్టి ఉంటుంది. అంతకంటే అరిగితే మార్చవలసిందే. డాట్-4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని నియమం. గాలిలో తేమ పీల్చుకుంటే అది 155కు దిగవచ్చు. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు.

“రెండింటికీ పనికొచ్చేది ఒకటి లేదా ఉస్తాద్?” అన్నాడు మావాడు దిగులుగా.

“మధ్యరకం ఉంది బాబూ. అది అక్కడా కొంతే, ఇక్కడా కొంతే. ఏడాదికి రెండుసార్లు పోయే ట్రాకు కోసం మూడువందల అరవై రోజులు ఎందుకు భయపడతావు? పోయేటప్పుడు మార్చుకో. వచ్చాక పాతవి బిగించు. డిస్కులు కూడా వేరే ఉంచుకుంటే మంచిది.”

ఆ మాటే ఖాయమైంది. కొత్త ప్యాడ్లు బిగించి, ఖాళీ రోడ్డు మీద పూర్తిగా ఆపకుండా పదిసార్లు వేగం తగ్గించి, మధ్యమధ్య చల్లారనిచ్చి, డిస్కుకు వాటిని అలవాటు చేశాడు ఉస్తాద్. పందెం సరంజామా మళ్ళీ అట్టపెట్టెలోకి పోయింది.

తరువాత మూడు తెల్లవారుజాములు మావాడు వంతెన దగ్గర ఆవిడకోసం వెతికాడు. తీర్పు చెప్పినవాణ్ణి గనక నేనూ వెంట వెళ్ళాను. మూడోనాడు కనిపించింది. ఇద్దరం దిగి క్షమించమన్నాం. ఆవిడ మమ్మల్ని విడిచి కారువైపు చూసింది.

“ఇప్పుడు ఆగుతదా మరి?” అంది.

“ఆగుతుందమ్మా” అన్నాడు వాడు.

“అయితే మంచిది” అని చీపురు అందుకుంది.