ముందు నీళ్ళకు దారి

ఇంట్లోని వృద్ధులను గౌరవించాలని మనమందరం పిల్లలకు బోధిస్తూనే ఉంటాము. వేళకు అన్నం, మందులు అందిస్తే ఆ బాధ్యత నెరవేరినట్లేనని భావిస్తాము కూడా. మేమూ అలాగే భావించాము. మా పెరట్లో వేసిన ఒక చిన్న రైలుమార్గం ఆ భ్రమను తొలగించింది.

రెండేళ్ళ క్రితం జర్మనీలో ఉద్యోగం చేస్తున్న పిల్లల మామూ సెలవులకు వస్తూ మా అబ్బాయికి ఒక రైలు తెచ్చారు. అది గదిలో ఆడుకునే బొమ్మ కాదు. ఆరుబయట, మొక్కల నడుమ నడపడానికి తయారుచేసినది. ఆ దేశానికి చెందిన లేమాన్ సంస్థ 1968లో ఎల్‌జీబీ పేరుతో ఈ తరహా రైళ్ళను ప్రవేశపెట్టింది. పట్టాలు ఇత్తడివి, వాటి మధ్య ఎడం 45 మిల్లీమీటర్లు. ఒక ఇంజను, రెండు పెట్టెలు, 12 వంపు పట్టాలు, 24 తిన్నని పట్టాలు. అన్నీ కలిపితే దాదాపు 11 మీటర్ల దారి.

నంద్యాలలోని మా ఇంటి పెరడు నల్లరేగడి నేల. ఒక ఆదివారం పారతో పైపైన చదును చేసి, మట్టి మీదనే పట్టాలు పరచడం మొదలుపెట్టాము. వసారాలో మంచం మీద కూర్చున్న అబ్బాజాన్ ఆ పార చప్పుడు విని అన్నారు: "బేటా, ముందు నీళ్ళకు దారి చూపు. రైలుకు తర్వాత చూపుదువు గాని."

"ఇది బొమ్మ రైలే కదా, అబ్బాజాన్" అని నవ్వి ఊరుకున్నాము.

అబ్బాజాన్ గుంటూరు–గుంతకల్ మీటర్ గేజ్ లైనులో గ్యాంగ్‌మన్‌గా చేరి, కీమన్‌గా పదవీ విరమణ చేశారు. సుత్తి భుజాన వేసుకొని రోజూ తన సెక్షన్ అంతా నడిచి, వదులైన బిగింపులను సరిచేయడం కీమన్ విధి. 1990ల దశకంలో ఆ లైను బ్రాడ్ గేజ్‌గా మారింది. ఎనభై దాటిన ఆయనకు ఇప్పుడు చూపు మందగించింది. ఆయన పని గురించి మేము అడిగి తెలుసుకున్నదీ లేదు.

వేసవి అంతా రైలు బాగానే నడిచింది. జూలైలో వర్షాలు మొదలయ్యాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. నాలుగు వానలకే పట్టాలు ఒకచోట లేచి, మరొకచోట కుంగి, మెలి తిరిగాయి. ఇంజను పట్టాలు తప్పి మందార చెట్టు మొదట్లో బురదలో పడింది. మా అబ్బాయి దాన్ని ఒళ్ళో పెట్టుకొని తుడుస్తూ, "దాదా ముందే చెప్పారు కదా! మీరే వినలేదు" అన్నాడు. మాకు జవాబు దొరకలేదు. అబ్బాజాన్ ఆ మాట విన్నారు. ఒక్క మాట కూడా దెప్పలేదు.

వర్షాలు వెనుకబట్టాక పట్టాలన్నీ పెరికి, ఆయన ముందు కూర్చొని, "ఎలా వేయాలో చెప్పండి" అని అడిగాము. ఆయన కుర్చీని పెరట్లోకి తెప్పించుకున్నారు.

దారి పొడవునా జానెడు వెడల్పు, జానెడు లోతు కాలువ తవ్వించి, నల్లమట్టిని పూర్తిగా తీయించారు. నీరు బయటికి పోయేలా కాలువ అడుగున ఒక వైపుకు వాలు పెట్టించారు. దానిలో మొరం పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస చేయించారు. పైన సన్న కంకర పరిపించారు. ఏటి గులకరాళ్ళు అందంగా ఉంటాయని మేము తెస్తే వద్దన్నారు. గుండ్రటి రాయి జారిపోతుంది, మర కొట్టిన రాయి కోణాలతో ఒకదానినొకటి పట్టుకొని నిలుస్తుంది. సిమెంటులో బిగిస్తే శాశ్వతంగా ఉంటుంది కదా అని అడిగితే, "ఎండకు పట్టా సాగుతుంది. దాన్ని కదలనివ్వాలి" అన్నారు. లెక్క వేసి చూశాము: 10 మీటర్ల ఇత్తడి 40 డిగ్రీల వేడి తేడాకు 7 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. మా ఎండలకు అది చిన్న విషయం కాదు.

పట్టాల మీద చేయి ఆనించి ఒకసారి ఆయన అడిగారు: "ఇది ఏ గేజ్?" ఈ నమూనా అసలు రైలులో 22.5వ వంతు. అబ్బాయి కాగితం మీద 45ను 22.5తో గుణించి, "1012 మిల్లీమీటర్లు, దాదా. మీటర్ గేజే!" అని అరిచాడు. అబ్బాజాన్ ముఖం వెలిగింది. "పన్నెండు మిల్లీమీటర్లు ఎక్కువ. మా మేట్ ఊరుకునేవాడు కాదు" అన్నారు. ఆ సాయంత్రం ఆయన నల్లమలలోని దొరబావి వంతెన గురించి, వానరాత్రుల గస్తీ గురించి చెబుతూనే ఉన్నారు. అవన్నీ మేము మొదటిసారి విన్నాము.

మరుసటి వర్షాకాలం వచ్చి వెళ్ళింది. ఒక్కచోట మాత్రం దారి కాస్త కుంగింది. అక్కడ కంకర కూరి ప్యాకింగ్ చేస్తే సరిపోయింది. ఇప్పుడు మా ఇంటి కీమన్ అబ్బాయే. ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి లోపలే ఉంటుంది. పట్టాలకు తక్కువ వోల్టేజీ కరెంటు మాత్రమే వెళ్తుంది. మకిలి పట్టిన ఇత్తడి మీద కరెంటు సరిగా అందదు కనుక రోజూ పట్టాలను తుడుస్తాడు. అసర్ నమాజు తర్వాత దాదా కుర్చీ పక్కన నిలబడి, "లైన్ క్లియర్" అంటాడు. రైలు కదులుతుంది. ఆయనకు అది సరిగా కనిపించదు, కానీ చక్రాల చప్పుడు వింటారు. మొన్న ఒకరోజు, "మందార చెట్టు దాటాక రెండో జాయింటు చూడు" అన్నారు. వెళ్ళి చూస్తే అది వదులై ఉంది.

అబ్బాజాన్‌కు మందులు ఇప్పటికీ వేళకే ఇస్తున్నాము. అయితే ఇదివరకు ఆయనను "వేసుకున్నారా?" అని మాత్రమే అడిగేవాళ్ళము. ఇప్పుడు "ఎలా చేయాలి?" అని కూడా అడుగుతున్నాము. మీ ఇంట్లో వసారా మంచం మీద ఉన్న పెద్దలు ఏ పని చేసి మిమ్మల్ని పెంచారో, అందులో వారికి తెలిసినదేమిటో ఈ నెలలో ఒకసారి అడిగి చూడండి.