చదరంగానికి భాష అక్కర్లేదంటారా?

"చెస్‌కి భాషేంటి సార్? గళ్ళు అరవై నాలుగే, ఎత్తు ఎక్కడైనా ఎత్తే." ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. సివిల్స్ కోచింగ్ కోసం శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, అనంతపురం నుంచి వచ్చి పూసా రోడ్డు వెనక సందుల్లోనూ ఓల్డ్ రాజేంద్ర నగర్ ఇరుకు గదుల్లోనూ ఉంటున్న మన పిల్లలు, రాత్రి పుస్తకం మూశాక ఫోన్లో మూడు నిమిషాల ఆటలు ఆడుకుంటారు. తెలుగులో ఒక చదరంగ మాసపత్రిక ఉండాలని వాళ్ళతో అంటే వచ్చే జవాబు ఇది. హైదరాబాదులో అడిగినా విజయవాడలో అడిగినా ఇదే వినిపిస్తుంది. ఇంటర్నెట్ ఉండగా పత్రికలెవరికి కావాలి అని ఒకరంటారు. పత్రిక లేకుండానే మనవాళ్ళు ప్రపంచాన్ని గెలుస్తున్నారుగా అని ఇంకొకరంటారు. ఇవన్నీ తప్పుడు మాటలని నా వాదన. వినడానికి తెలివిగా ఉంటాయి కాబట్టే ఇంతకాలం ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ మౌనానికి మూల్యం చెల్లిస్తున్నది మన చిన్న ఊళ్ళ పిల్లలు.

భాష అక్కర్లేదనేవాళ్ళకు పెద్ద ఆధారం చెస్ ఇన్ఫార్మెంట్. 1966లో బెల్‌గ్రేడ్‌లో గ్రాండ్‌మాస్టర్ అలెగ్జాండర్ మతనోవిచ్ మొదలుపెట్టిన ఆ సంపుటాల్లో ఆటలకు మాటల్లో వ్యాఖ్యానం ఉండదు, గుర్తులే ఉంటాయి. తెల్లపావులది కొంచెం పైచేయి అనడానికి ఒక గుర్తు, సందేహాస్పదమైన ఎత్తు అనడానికి ఇంకొకటి. ఏ దేశపు ఆటగాడైనా చదువుకోవచ్చు. గొప్ప ఆలోచనే, కాదనను. కానీ ఎవరికి ఉపయోగపడింది? అప్పటికే ఆట బాగా వచ్చినవాళ్ళకు. పైచేయి అన్న గుర్తు చూడగానే అది ఎలా వచ్చిందో తనంతట తానే ఊహించుకోగలిగిన వాడికి మాటలు అక్కర్లేదు. ఇంకా అక్కడికి చేరని పిల్లవాడికి ఆ కారణమే కావాలి. కారణం చెప్పాలంటే భాష కావాలి, అదీ వాడు ఆలోచించే భాష.

భాషతో పని లేకపోతే బాబీ ఫిషర్ రష్యన్ ఎందుకు నేర్చుకున్నాడు? బ్రూక్లిన్‌లో పెరిగిన ఆ కుర్రాడు బడి మధ్యలో మానేశాడు. అయినా సోవియట్ చదరంగ పత్రికలు చదవడం కోసం పట్టుబట్టి రష్యన్ నేర్చుకున్నాడు. వట్టి ఎత్తులే కావాలంటే అక్షరాలు నాలుగు గుర్తుపడితే సరిపోయేది. ఎత్తుల చుట్టూ అక్కడి మాస్టర్లు రాసిన మాటలు కూడా అతనికి కావలసివచ్చాయి. ఫిషర్ అంతటివాడు పరాయి భాష నేర్చుకోగలిగాడు కాబట్టి నారాయణపేట సర్కారు బడి పిల్లవాడూ ఇంగ్లీషు నేర్చుకుని ఆడాలనడం న్యాయం కాదు.

ప్రాంతీయ చదరంగ పత్రిక అంటే ఏమిటో, దానికి సంపాదకుడంటే ఎవరో చూడాలంటే రీగాకు వెళ్ళాలి. లాట్వియా రాజధాని నుంచి 'షాహ్స్' అనే పత్రిక లాట్వియన్‌లోనూ రష్యన్‌లోనూ వచ్చేది. మిఖాయిల్ తాల్ 1960లో, 23 ఏళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది ఆ పత్రిక సంపాదకత్వం చేపట్టి 1970 దాకా నడిపాడు. ప్రపంచ విజేత ఒక చిన్న రిపబ్లిక్ పత్రికకు ప్రూఫులు చూసే బాధ్యత నెత్తిన వేసుకున్నాడంటే ఆ పనిని అక్కడివాళ్ళు ఎంత పెద్దదిగా చూశారో అర్థమవుతుంది. అప్పటి లాట్వియా జనాభా సుమారు 20 లక్షలు, 2011 లెక్కల్లో మన పాత నిజామాబాదు జిల్లా కంటే తక్కువ. మాస్కో పత్రికలు వాళ్ళకు అందుబాటులోనే ఉన్నాయి, రష్యన్ చాలామందికి వచ్చు. అయినా తమ పత్రిక తమకు కావాలనుకున్నారు. 2011 జనగణన ప్రకారం ఈ దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షలు. ఇంతమందికి ఇవాళ ఏ ఊరి పుస్తకాల దుకాణంలో అడిగినా తెలుగు చదరంగ పత్రిక దొరకదు. పాఠకులు చాలరని చెప్పేవాళ్ళు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

తాల్ పేరు మన పొరుగున మద్రాసుకూ వచ్చింది. 1972లో అక్కడి సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో మాన్యుయెల్ ఆరన్ చదరంగ క్లబ్బు పెట్టి దానికి తాల్ పేరే పెట్టారు. పిల్లవాడిగా విశ్వనాథన్ ఆనంద్ ఆడుకున్నది అక్కడే. ఆరన్ బర్మాలో పుట్టారు, తొమ్మిదిసార్లు జాతీయ విజేత అయ్యారు, 1961లో భారతదేశపు మొదటి ఇంటర్నేషనల్ మాస్టర్ అయ్యారు. 1962లో స్టాక్‌హోం ఇంటర్‌జోనల్‌లో గ్రాండ్‌మాస్టర్లు పోర్టిష్‌నూ ఉల్మాన్‌నూ ఓడించారు. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ ఆడిన మనిషి. ఆ కీర్తితోనే కాలం గడిపేయవచ్చు. ఆయన అలా చేయకుండా 1983 నుంచి 'చెస్ మేట్' అనే పత్రికను భుజాన వేసుకున్నారు. మన దేశంలో చదరంగం ఎలా నడిచిందో విజయ్ పండిట్‌తో కలిసి పెద్ద చరిత్ర పుస్తకంగా రాసి 2014లో ప్రచురించారు. నెలనెలా ఎవరు ఎవరితో ఆడారో, ఎక్కడ గెలిచారో రాసి పెట్టే అలవాటున్న మనిషే అలాంటి పుస్తకానికి పూనుకోగలడు. మద్రాసు చదరంగానికి రాజధాని ఎలా అయిందని అడిగితే అందరూ ఆనంద్ పేరు చెప్పి ఆగిపోతారు. క్లబ్బు పెట్టినవాణ్ణి, కలం పట్టినవాణ్ణి మరిచిపోతారు.

'చెస్ మేట్' ఇంగ్లీషు పత్రికే కదా, మరి తెలుగెందుకు అని అడగవచ్చు. ఇంగ్లీషు చదవగలిగిన ఇళ్ళకు అది పనికొచ్చింది, సంతోషం. ఆ ఇళ్ళ అవతల ఉన్న పిల్లల గురించే నేను మాట్లాడుతున్నది.

ఈ సంపాదకుల్లో నాకు అందరికంటే ఇష్టమైనవాడు సెసిల్ పర్డీ. 1929లో, చదరంగం అంతా యూరప్‌లో జరుగుతున్న రోజుల్లో, అక్కడికి ఓడ ప్రయాణం వారాల తరబడి పట్టే సిడ్నీ నుంచి పత్రిక మొదలుపెట్టాడు. పేరు మార్చుకుంటూ అది 1967 దాకా నడిచింది. పర్డీ గొప్ప ఆటగాడే, ఉత్తరాల ద్వారా ఆడే చదరంగంలో 1953లో మొట్టమొదటి ప్రపంచ విజేత. కానీ అతను రాసింది గ్రాండ్‌మాస్టర్ల కోసం కాదు. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం క్లబ్బులో ఆడే మామూలు మనిషి ఎక్కడ తడబడతాడో గమనించి, ప్రతి ఎత్తుకు ముందు ఏం చూసుకోవాలో, ఏ క్రమంలో ఆలోచించాలో ఓపికగా చెప్పాడు. ఫిషర్ కూడా ఆ రచనలను మెచ్చుకున్నాడు. ఎదురుగా ఉన్న పాఠకుడు తెలిసినవాడు మాత్రమే అలా రాయగలడు. లండన్ నుంచి వచ్చే పత్రిక సిడ్నీ క్లబ్బు ఆటగాడి తప్పులను పట్టుకోలేదు. ఢిల్లీ నుంచో చెన్నై నుంచో ఇంగ్లీషులో వచ్చేది భీమవరం పిల్లల తప్పులను పట్టుకోలేదు.

సంపాదకుడు గ్రాండ్‌మాస్టరే కానక్కర్లేదు. బి.హెచ్. వుడ్ బర్మింగ్‌హాం పక్కన సటన్ కోల్డ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో 1935లో 'చెస్' పత్రిక మొదలుపెట్టి అరశతాబ్దానికి పైగా నడిపాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. సోవియట్ దేశంలో నిషేధంలో ఉన్న రచయిత నబొకోవ్ రచనను 1986లో అక్కడ మొదటిసారి అచ్చువేసినది సాహిత్య పత్రిక కాదు, '64' అనే చదరంగ పత్రిక. గ్రాండ్‌మాస్టర్ కార్పోవ్ దానికి ప్రధాన సంపాదకుడు, పని నడిపించినవాడు అలెగ్జాండర్ రోషాల్. చదరంగ పత్రిక అంటే ఎత్తుల పట్టిక అనుకునేవాళ్ళకు ఇది తెలియాలి.

ఇక మనవాళ్ళ గెలుపుల మాట. 2024 సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత్ రెండు స్వర్ణాలూ గెలిచింది. ఓపెన్ విభాగం జట్టు అయిదుగురిలో పెంటేల హరికృష్ణ గుంటూరువాడు, అర్జున్ ఇరిగేశి ఓరుగల్లువాడు, గుకేశ్ చెన్నైలో పుట్టిన తెలుగింటి పిల్లవాడు. స్త్రీల జట్టులో ద్రోణవల్లి హారిక ఉంది. అదే డిసెంబరులో గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు, కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. నా గుండె ఉప్పొంగుతుంది. కానీ వీళ్ళు పత్రిక లేకుండా ఎలా వచ్చారో కూడా చూడాలి. హంపి తండ్రి అశోక్ లెక్చరర్ ఉద్యోగం వదులుకుని కూతురికి నేర్పారు. హరికృష్ణకు మొదట ఆట నేర్పింది తాతగారు. గుకేశ్ తండ్రి డాక్టరు, తల్లి మైక్రోబయాలజిస్టు, కొడుకు టోర్నమెంట్ల కోసం తండ్రి తన ప్రాక్టీసును పక్కన పెట్టారు. పక్కన కూర్చుని ఓపికగా వివరించే మనిషో, ఆట కోసం జీవితాన్ని మార్చుకునే మనిషో ఆ ఇళ్ళల్లో ఉన్నారు. తండ్రి మేస్త్రీగానో తల్లి మిషను కుట్టుకుంటూనో బతికే ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? అక్కడ పత్రికే చేయాలి. నలుగురు గెలిచారు కాబట్టి అవసరం లేదనడం, ఆ అవకాశం లేని వేలమందిని లెక్కలోంచి కొట్టేయడమే.

ఢిల్లీలో ఉన్నవాణ్ణి కనుక మీర్ సుల్తాన్ ఖాన్‌ను తలుచుకోకుండా ఉండలేను. 1928లో ఈ నగరంలోనే అఖిల భారత పోటీ గెలిచాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ వెళ్ళి బ్రిటిష్ విజేత అయ్యాడు, మళ్ళీ 1932లోనూ 1933లోనూ గెలిచాడు. హేస్టింగ్స్‌లో మాజీ ప్రపంచ విజేత కాపబ్లాంకాను ఓడించాడు. చూశారా, పుస్తకాల బలం లేకుండానే సాధించాడుగా అని అతన్ని ఉదాహరణగా చూపిస్తారు. నాకు కనపడేది వేరు. ఆట మొదట్లో తెలియాల్సిన విద్య చేతికి అందక ప్రతిసారీ వెనకబడి, ప్రతిసారీ మధ్యలో తన ప్రతిభతో గట్టెక్కాడు. అతని గురించి మనం చదివేది దాదాపు అంతా ఇంగ్లండ్ పత్రికలు రాసినదే. అతని మనసులో ఏముందో అతని భాషలో అడిగి అచ్చువేసే పత్రిక అప్పుడు మన దగ్గర లేదు. 1966లో పోయాడు. అంతర్జాతీయ సమాఖ్య గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది 2024లో.

ఇంటర్నెట్ సంగతికొస్తే, ఫోన్లోని ఇంజన్ ఏ గ్రాండ్‌మాస్టర్ కంటే బలమైనదే. నీ ఎత్తు తప్పు అని ఒక అంకె చూపిస్తుంది. పదకొండేళ్ళ పిల్లకు ఆ అంకె ఏం నేర్పుతుంది? వీడియోలున్నాయి, తెలుగులోనూ కొన్ని మంచివి ఉన్నాయి, వాటిని నేను తీసిపారేయను. కానీ సిద్దిపేటలో జరిగిన అండర్-11 పోటీలో మూడో రౌండులో ఒక అమ్మాయి ఆడిన చక్కటి ఆటను ఎవరు భద్రపరుస్తారు? స్కోరుషీటు సాయంత్రానికి చెత్తబుట్టలోకి పోతుంది. సంపాదకుడు ఉంటే దాన్ని తెప్పించుకుంటాడు, తప్పులు సరిచూస్తాడు, ఎక్కడ బాగా ఆడిందో రాస్తాడు, ఆ అమ్మాయి పేరు అచ్చులో పడుతుంది. తర్వాతి నెల ఇంకో ఊరి పిల్ల అది చదివి ఉత్తరం రాస్తుంది. ఏది నిలవాలో తేల్చే మనిషి ఇంటర్నెట్‌లో లేడు.

భాషదేముంది అని నాతో అనే కరోల్ బాగ్ కుర్రాళ్ళకు ఒక్క సంగతి గుర్తుచేస్తాను. తెలుగు మాధ్యమంలో రాస్తే సివిల్స్ రాదని వాళ్ళను ఎంతమంది భయపెట్టలేదు? 2017లో ఫలితాలు వచ్చినప్పుడు శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణ తెలుగులో రాసి దేశంలో 3వ ర్యాంకు తెచ్చుకున్నారు. ఆ కబురు ఈ గదుల్లో ఎంత ధైర్యం నింపిందో నాకు తెలుసు. రాజ్యాంగం, ఆర్థికశాస్త్రం తెలుగులో ఆలోచించి రాయగలిగినప్పుడు, గుర్రాన్ని ఎప్పుడు వెనక్కి తీయాలో తెలుగులో చెప్పుకోలేమా?

డబ్బు ఎవరిస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు అమెరికా వాయవ్య మూలన ఉంది. 1947లో 'వాషింగ్టన్ చెస్ లెటర్'గా మొదలైన పత్రిక తర్వాత 'నార్త్‌వెస్ట్ చెస్' అయింది. పక్క రాష్ట్రాలను కలుపుకుని, ఆటగాళ్ళు రాష్ట్ర సంఘాలకు కట్టే సభ్యత్వ రుసుము ఆధారంగా నడిచింది. ఆడాలంటే సభ్యుడు కావాల్సి ఉండేది, సభ్యుడైతే పత్రిక వచ్చేది. మన రెండు రాష్ట్రాల సంఘాలూ ఏటా ఆటగాళ్ళ దగ్గర రిజిస్ట్రేషన్ రుసుము తీసుకుంటాయి. దానికి ఒక కొత్త నోటుపుస్తకం ఖరీదంత కలిపి, రెండు నెలలకొకసారి 32 పేజీలు అచ్చువేయాలి. మొదటి సంచికలో బుడాపెస్ట్ ఆటను హరికృష్ణతో తెలుగులో వివరింపజేయాలి, సగం పేజీలు జిల్లా పోటీలకు వదిలేయాలి. ఆట మీద ప్రేమ, తెలుగు మీద పట్టు ఉన్న ఒక సంపాదకుణ్ణి పెట్టి, జీతం ఇచ్చి, అయిదేళ్ళు కదిలించకుండా పని చేయనివ్వాలి.