గొఱ్ఱెకు నోరు లేదు. కాపరికి భాష లేదా?

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతముల తెలుగు సోదరులారా!

మందలోని గొఱ్ఱెలు, మేకలు ఒక్కమారే ఎదకు వచ్చి ఒక్కమారే ఈనుటకై యోనిలో హార్మోను స్పాంజి నుంచు పద్ధతి కలదు. రాజస్థానమందలి అవికానగరు కేంద్ర సంస్థ ‘అవికేసిల్-ఎస్’ అను స్వదేశీ స్పాంజిని సిద్ధపఱచినది. పండుగ సంతకు ఒకే యీడు పిల్లలు దొరకుట వర్తకులమగు మాకును లాభమే. అయినను లాభమును చాటి కీడును దాచుట ధర్మము కాదు.

స్పాంజి సుమారు 12 మొదలు 14 దినములు లోపల నుండును. స్రావము నిలిచి, సూక్ష్మజీవులు పెరిగి, తీయునపుడు దుర్వాసనగల ద్రవము వెడలుట సామాన్యము. పెక్కింటికి కొలది దినములలో నది తగ్గును. కావున గొడ్డుపోవునని బెదరించువారిని నమ్మరాదు. కాని కడుగని చేతులతో చొప్పించినను, ఈనని పడుచు గొఱ్ఱెపై బలము చూపినను, దారము తెగి స్పాంజి లోపల చిక్కినను బాధ ముదురును. చూలు గొఱ్ఱెకు పెట్టనే రాదు.

ఈ సంగతులు కాపరికి ఏ భాషలో చెప్పవలెను? 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది. పెక్కిండ్ల మాట తెలుగుగానే నిలిచినది. సూచనాపత్రము తెలుగున ముద్రింపవలెను. కాపరికి విప్పి చెప్పి, సమ్మతి పొందిన పిమ్మటనే పశువైద్యుడు చేయి వేయవలెను.

మన మద్రాసు రెడ్ జాతి ఏడాది పొడవున ఎదకు రాగలది. పొట్టేలును కొంతకాలము వేఱుంచి మందలో విడిచిన, పెక్కు గొఱ్ఱెలు దగ్గరదగ్గరగా ఎదకు వచ్చును. వ్యయము లేని యా దారిని ముందు చూపుడు. స్పాంజి మాట పిదప చూతము.