మా సైకిళ్లకూ రైల్లో చోటివ్వండి
గుంతకల్లు డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం వాళ్లం మేము. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు మా దాకా వచ్చేసరికి వాటిలో పస ఉండదు. అందుకే మాలో కొందరికి సెలవంటే వాన పడేచోటికి పోవడమే.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విశాఖలో దిగొచ్చు. అక్కణ్ణించి భీమిలి దాకా సముద్రం పక్కనే రోడ్డు, దారిలో ఎర్రమట్టి దిబ్బలు. ఆ జల్లులో సైకిల్ తొక్కడం ఎంత సంబరమో, వేరుశనగ చేను వాడిపోతుంటే మబ్బుకోసం చూసిన ఊళ్లవాళ్లకు వేరే చెప్పాలా!

చిక్కల్లా సైకిల్‌ను రైలెక్కించడమే. లగేజీగా బుక్ చేయాలని తెలిసినా, ఎంత ముందు రావాలో, రుసుమెంతో కొత్తవాళ్లకు తెలీదు. నెదర్లాండ్స్‌లో సైకిల్‌కు విడిగా టికెట్టు, పెట్టెలో చోటు ఉంటాయి. మేము అంత అడగడం లేదు. పార్సిల్ ఆఫీసు ముందు తెలుగులో వివరాల బోర్డు, బ్రేక్ వ్యాన్‌లో సైకిల్ నిలబెట్టి కట్టుకోను నాలుగు కొక్కేలు చాలు. ఆ రైలు తూర్పు కోస్తా రైల్వేది కాబట్టి కొక్కేల సంగతి మీరే వాళ్లతో మాట్లాడాలి. బోర్డు మాత్రం మీ చేతిలో పని. కోస్తాలో ఈశాన్య వానలు మొదలయ్యేలోపు పెట్టించండి.

ఇట్లు,
అనంతపురం సైకిల్ ప్రయాణికుడు