దగ్గర ఫోటోకు దూరపు లెన్సు

మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడున్నాడు. వాళ్ళ పెదనాన్నగారి అబ్బాయి అమెరికాలో ఒక సరీసృపాన్ని గాజుపెట్టెలో పెట్టి పెంచుతున్నాడు. దాని పేరు బియర్డెడ్ డ్రాగన్. సొంత ఊరు ఆస్ట్రేలియా. పేరు విని భయపడనక్కర లేదు. మన పెరటి గోడ మీద తల ఎగరేసే తొండకు అది దాయాది. రెండూ ఒకే కుటుంబానికి చెందిన జంతువులు.

అన్న పంపిన ఫోటోలు చూసి మావాడికి ఉత్సాహం వచ్చింది. "మాస్టారూ! పరీక్షలు బాగా రాస్తే కెమేరా కొనిపెడతానన్నారు నాన్న. తొండ మొహం ఫోటో నిండా కనిపించాలంటే ఏ లెన్సు కొనమంటారు? కొట్టు అతను యాభై మిల్లీమీటర్ల మాక్రో చాలంటున్నాడు" అని అడిగాడు.

"వద్దురా అబ్బాయీ!" అన్నాను. ఎందుకు వద్దన్నానో మీకు కూడా చెబుతాను. ఇలాటి కోరిక మీలో చాలామందికి ఉండే ఉంటుంది.

మాక్రో లెన్సు అంటే చిన్న వస్తువును అసలు సైజులోనే కెమేరా లోపలి సెన్సారు మీద ప్రతిబింబంగా చూపించగల లెన్సు. దీన్ని ఒకటికి ఒకటి అంటారు. మీ భౌతికశాస్త్రంలో కుంభాకార కటకం పాఠం గుర్తు తెచ్చుకోండి. వస్తువంత ప్రతిబింబం రావాలంటే వస్తువు కటకానికి రెండు నాభ్యంతరాల దూరంలో ఉండాలి. యాభై మిల్లీమీటర్ల లెన్సుకు అది పది సెంటీమీటర్లు. వంద మిల్లీమీటర్ల లెన్సుకు ఇరవై. ఇది ఒకే కటకం ఉన్నప్పటి లెక్క. నిజం లెన్సులో కటకాలు చాలా ఉంటాయి, వాటిని మోసే గొట్టం ముందుకు పొడుచుకు వస్తుంది. కాబట్టి ఆచరణలో యాభై మిల్లీమీటర్ల మాక్రో మూతికీ జంతువు ముక్కుకూ మధ్య మిగిలేది నాలుగైదు సెంటీమీటర్లే!

మరి అంత దగ్గరికి పోవలసిన లెన్సును ఎందుకు తయారు చేశారు? దాని వెనక ఒక చిన్న కథ ఉంది. 1956లో జపానులో నికాన్ సంస్థ దగ్గరి ఫోటోల కోసం ఒక లెన్సు తయారు చేసింది. జపాను లిపిలో చిక్కటి గీతల అక్షరాలు ఎన్నో ఉంటాయి. పుస్తకాల పేజీలను మైక్రోఫిల్ము మీదికి ఎక్కించేటప్పుడు ఆ గీతలు అలుక్కుపోకుండా ఉండాలని దాన్ని రూపొందించారు. దాని నాభ్యంతరం ఐదు సెంటీమీటర్లు, అంటే యాభై మిల్లీమీటర్లు. కాగితం ముందు ఎంత దగ్గర లెన్సు పెట్టినా కాగితానికి భయం లేదు, అది పారిపోదు. తొండ కాగితం కాదు కదా!

ఈ విషయం నేను పుస్తకం చూసి తెలుసుకోలేదు. చాలా ఏళ్ళ క్రితం, ఫిల్ము కెమేరాల రోజుల్లో, యాభై మిల్లీమీటర్ల లెన్సుకు వెనక గొట్టాలు తగిలించి మా స్నానాల గది గోడ మీది బల్లి మీదికి వెళ్ళాను. ఫోకస్ కుదరక ఇంకా ముందుకు, ఇంకా ముందుకు జరిగాను. బల్లి మూలకు నక్కింది. నేను మీట నొక్కేలోగా టప్పున తోక వదిలేసి కిటికీ వెనక్కు దూరింది. తోక మాత్రం నేల మీద గిలగిల కొట్టుకుంటోంది. అప్పుడు నవ్వుకున్నాను కూడా. తరవాత చదివితే తెలిసింది, బల్లి తన తోకలో కొవ్వు దాచుకుంటుందట. తిండి దొరకని రోజుల్లో దానికి అదే గాదె. తోక మళ్ళీ మొలుస్తుంది, నిజమే. కాని కొత్త తోకలో వెన్నుపూసలుండవు, మృదులాస్థి కడ్డీ ఉంటుంది. ఆ తోకను పెంచుకోవడానికి తిన్న తిండిలో వాటా ఇవ్వాలి. ఒక్క ఫోటో కోసం, అదీ మసకగా వచ్చిన ఫోటో కోసం, ఆ ప్రాణి గాదె నేను ఖాళీ చేశానన్నమాట.

పెట్టెలో పెంచే జంతువుకైతే పారిపోయే వీలు కూడా లేదు. మావాడి అన్న పంపిన ఫోటోల్లో అందరూ మెచ్చుకున్నది ఏదో తెలుసా? డ్రాగన్ గడ్డం నల్లగా ఉబ్బించి ఉన్న ఫోటో. అది భయపడినప్పుడూ కోపం వచ్చినప్పుడూ అలా చేస్తుంది, మగవి డాబు చూపించడానికీ చేస్తాయి. కాని ఆ ఫోటోలో దాని కంటిలోకి చూస్తే లెన్సు గుండ్రని నీడ పెద్దగా కనిపిస్తోంది. ఇక వేరే సాక్ష్యం కావాలా?

పైగా అంత దగ్గరికి పోతే లాభం కూడా తక్కువే. ఒకటికి ఒకటి సైజులో, ఎఫ్ 8 దగ్గర, స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మిల్లీమీటరు! కన్ను స్పష్టంగా ఉంటే ముక్కు మసక, ముక్కు స్పష్టంగా ఉంటే కన్ను మసక. అసలు తొండ అంత చిన్నదా? తల మీది పొలుసుల కిరీటం, మెడ, భుజం కలిపి ఆరు సెంటీమీటర్లనుకోండి. ఇప్పుడు ఎక్కువగా దొరికే కెమేరాల సెన్సారు వెడల్పు ఇంచుమించు ఇరవైనాలుగు మిల్లీమీటర్లు. ఆరు సెంటీమీటర్ల తొండ దాని నిండా రావాలంటే అసలు సైజులో పదింట నాలుగు వంతుల ప్రతిబింబం చాలు. అప్పుడు ఎఫ్ 11 దగ్గర స్పష్టపు లోతు నాలుగు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది.

అందుచేత నా సలహా ఇది. ఏ కెమేరా అయినా సరే, వాడినదైనా సరే. దానికి 200 మిల్లీమీటర్ల వరకు పోయే మామూలు జూమ్ లెన్సు తీసుకోండి, ముందు బిగించే క్లోజప్ కటకం ఒకటి +2 డయాప్టర్లది కొనండి. +2 అంటే తెలుసు కదా! తాతగారి చదువుకునే కళ్ళజోడు చీటీలో ఉండే అంకె అదే. దాని నాభ్యంతరం అర మీటరు. జూమ్ లెన్సును 200 దగ్గర, అనంత దూరానికి ఫోకస్ చేసి ఈ కటకం బిగిస్తే, సరిగ్గా అర మీటరు దూరంలో ఉన్న వస్తువు స్పష్టంగా కనబడుతుంది. ప్రతిబింబం సైజు ఎంత? 200ను 500తో భాగించండి. పదింట నాలుగు వంతులు! మనకు కావలసింది అదే. తొండకు అర మీటరు జాగా మిగిలింది, మీ నాన్నగారికి డబ్బూ మిగిలింది. ఒంటి అద్దం కటకంతో అంచుల్లో కొంచెం మసక, రంగుల గీతలు వస్తాయి. రెండు అద్దాలు అతికించిన రకం మేలు, కాని ఖరీదు. డబ్బుకు లోటు లేనివాళ్ళు మాక్రో లెన్సే కొనుక్కోవచ్చు. అప్పుడు కూడా వందకు తక్కువది వద్దు.

పొడుగు లెన్సుకు ఒక చిక్కుంది. చేయి కొంచెం వణికినా ఫోటో పాడవుతుంది. ఒక గుడ్డసంచిలో బియ్యం పోసి గోడ మీద పెట్టి, దాని మీద కెమేరా ఆనించండి. (పని అయ్యాక బియ్యం అమ్మకు తిరిగి ఇచ్చెయ్యాలి.)

ఫోను మాత్రమే ఉన్నవాళ్ళు చిన్నబుచ్చుకోకండి. చాలా ఫోన్లలో మాక్రో అని పెట్టింది వెడల్పు లెన్సుతో పనిచేసేది. దానికోసం రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి పోవాలి. ఫోను నీడే జంతువు మీద పడుతుంది. దాన్ని వదిలేసి, ఉంటే రెండింతలో మూడింతలో చూపించే లెన్సుతో అడుగు దూరం నుంచి తీసి, తరవాత కత్తిరించుకోవడం మంచిది.

గాజుపెట్టె జంతువుకైతే లెన్సు మూతికి రబ్బరు తొడుగు వేసి గాజుకు ఆనించి, గదిలో దీపాలార్పి తీస్తే గాజు మీద మెరుపు రాదు. ఫ్లాష్ వెయ్యవద్దని నా అభిప్రాయం, ముఖ్యంగా రాత్రి తిరిగే బల్లులకు. 2004లో శాస్త్రజ్ఞులు ఒక ఆఫ్రికా బల్లిని పరీక్షించి, మసక వెలుగులో రంగులు గుర్తించడంలో దాని కన్ను మన కన్ను కంటే 350 రెట్లు సున్నితమని లెక్కగట్టారు. పైగా చాలా బల్లులకు మూసుకోవడానికి కనురెప్పలు కూడా లేవు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. కదలకుండా ఉంటుందని జంతువును ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక బయటికి తీసి ఫోటో తీసేవాళ్ళున్నారు. సరీసృపాల ఒంటి వేడి బయటి వేడిని బట్టి ఉంటుంది కాబట్టి అవి బిగుసుకుపోతాయి. దాన్ని ఓపికగా కూర్చుందని చూపించడం నా దృష్టిలో అబద్ధం, క్రూరం కూడా. తెల్లవారు జామున తొండ తనంతట తనే మందకొడిగా ఉంటుంది. గోడ మీద ఎండ కాచుకునే ఆ అరగంట చాలదా?

మన దేశంలో నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా దాదాపు పూర్తిగా నిషేధించారు. ఉడుము సంగతీ అంతే, పట్టుకోకూడదు. కాబట్టి ఫోటో కోసం ఏదో ఒకటి కొనిపెట్టమని ఇంట్లో మారాం చెయ్యకండి. ట్యూబ్‌లైటు దగ్గర బల్లి, కంచె మీద తొండ మన ఇళ్ళలో అద్దె లేకుండా ఉంటున్నాయి.

మావాడు మొన్న ఆదివారం పక్కింటివారి పాత జూమ్ లెన్సు ఎరువు తెచ్చి, తాతగారి కళ్ళజోడు దాని ముందు పట్టుకుని ప్రయోగం చేశాడు. ఫోటో అంచుల్లో మసకగా ఉంది. కాని మధ్యలో తొండ మెడ ఎర్రగా మండిపోతోంది. "నన్ను చూసి కోపం వచ్చిందేమో మాస్టారూ?" అన్నాడు దిగులుగా. తరవాతి ఫోటో చూపించమన్నాను. గోడ రెండో కొసన ఇంకొక మగతొండ ఉంది. దాని మెడా ఎర్రగానే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ తలలెగరేస్తున్నారు. మావాణ్ణి పట్టించుకున్నవాళ్ళే లేరు.