ఏప్రిల్ నెల జీతము



నెల మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘ కోశాధికారి ఒక కవరు తెచ్చి మా చేతిలో పెడతారు. అందులో ఉన్నది ఎవరి డబ్బో మాకు తెలుసు. నాట్లకు వెళ్ళి వచ్చిన తల్లులు వంటకు ముందు తీసి పక్కన పెట్టిన పిడికెడు బియ్యము అందులో ఉన్నది. పాలు అమ్ముకొనేవారి దశమభాగము ఉన్నది. ఆ కవరు అందుకొన్నప్పుడెల్లా, ఈ నెల దీనికి తగిన పని చేశామా అని మనస్సు అడుగుతుంది. కొన్ని నెలలు ధైర్యముగా జవాబు చెప్పగలము. కొన్ని నెలలు తల దించుకొంటాము.

ఇదే ప్రశ్న వేసుకొన్న ఒక ఆటగాని గురించి ఈ నెల వ్రాస్తున్నాము. అతడు బోధకుడు కాడు. అమెరికా దేశములో బేస్‌బాల్ ఆడి జీతము తీసుకొన్నవాడు. అతని పేరు లైమన్ బాస్టాక్.

మన పిల్లలకు క్రికెట్ తెలుసు గనుక ఆ ఆటను సులువుగానే చెప్పవచ్చు. ఒకడు బంతి విసురుతాడు, మరొకడు గుండ్రని బ్యాటుతో కొడతాడు. బంతి ఆపుటకు మైదానములో తొమ్మిదిమంది ఉంటారు. వారిలో ముగ్గురు బాగా వెనుక, దూరముగా గడ్డిమీద నిలబడతారు. వారిని ఔట్‌ఫీల్డర్లు అంటారు. చాలాసేపు బంతి వారి వైపు రాకపోవచ్చు. వచ్చినప్పుడు మాత్రము ఒక్క పరుగున వెళ్ళి పట్టుకోవాలి. ఇక బ్యాటింగులో, పదిసార్లు వెళ్ళి మూడుసార్లు సరిగా కొట్టగలిగినవానిని మంచి ఆటగాడు అంటారు. అంటే ఎంతటివాడైనా పదింటిలో ఏడుసార్లు వట్టి చేతులతో తిరిగి రావలసినదే.

బాస్టాక్ 1950 నవంబరు 22న అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ పట్టణములో పుట్టాడు. తండ్రి కూడా బేస్‌బాల్ ఆటగాడే. కానీ ఆ రోజులలో నల్లవారిని పెద్ద లీగులలోనికి రానిచ్చేవారు కారు. వారికి వేరే లీగులు ఉండేవి, తండ్రి వాటిలో ఆడాడు. జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడు 1947లో ఆ అడ్డుగోడ దాటిన తరువాతనే తక్కినవారికి దారి తెరుచుకొన్నది. తల్లిదండ్రులు విడిపోయినందున బాస్టాక్‌ను తల్లి ఒంటరిగా పెంచింది. కుమారుని తీసుకొని కొంతకాలము ఇండియానా రాష్ట్రములోని గేరీ పట్టణములోను, తరువాత లాస్ ఏంజిలిస్‌లోను ఉన్నది.

1972లో జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకొనేటప్పుడు మిన్నెసోటా ట్విన్స్ జట్టు అతనిని 26వ వరుసలో తీసుకొన్నది. అంత వెనుక వరుసలో పిలుపు వచ్చినవారిలో పెద్ద లీగు వరకు చేరేవారు తక్కువ. బాస్టాక్ 1975లో చేరాడు. 1976లో అతని సగటు 323, అంటే వెయ్యిసార్లకు లెక్కవేస్తే 323 సార్లు సరిగా కొట్టినట్లు. 1977లో ఆ సగటు 336కు పెరిగింది. ఆ సంవత్సరము అమెరికన్ లీగులో అతనిని మించినవాడు ఒక్కడే, తన జట్టువాడైన రాడ్ కెరూ. బంతి పట్టుటలోనూ అతడు తక్కువవాడు కాడు. పూర్తి ఆటలో ఒక జట్టు 27 సార్లు ఔటవుతుంది. 1977 మే 25న బోస్టన్ జట్టుతో ఆడిన ఒక ఆటలో 12 ఔట్లు బాస్టాక్ చేతిలోనే పడ్డాయి. అది అప్పటి రికార్డుతో సమానము. ఎప్పుడూ మాట్లాడుతూ తోటివారిని నవ్విస్తూ ఉండేవాడు గనుక వారు అతనికి జిబ్బర్ జాబర్ అని పేరు పెట్టారు. మన మాటలో చెప్పాలంటే వాగుడుకాయ.

అంతకుముందు ఆటగాడు యజమానికి కట్టుబడి ఉండవలసినదే. ఒప్పందము ముగిసినా మరొక జట్టుకు వెళ్ళే స్వేచ్ఛ లేదు. 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆ కట్టు తెగిపోయింది. ఆ స్వేచ్ఛ వచ్చిన తొలి సంవత్సరాలలోనే బాస్టాక్ కాలిఫోర్నియా ఏంజిల్స్ జట్టులో చేరాడు. చాలా సంవత్సరాల ఒప్పందము, మొత్తము 20 లక్షల డాలర్లకు పైగా. పేదరికములో పెరిగినవాడు ఆ డబ్బుతో చేసిన మొదటి పనులలో ఒకటి ఏమిటంటే, తాను పుట్టిన బర్మింగ్‌హామ్‌లో ఒక సంఘమువారు సండే స్కూలు తిరిగి కట్టుకొనుటకు 10,000 డాలర్లు పంపుట.

అటు తరువాత 1978 ఏప్రిల్ వచ్చింది. అది కొత్త జట్టులో మొదటి నెల. అందరి కళ్ళు అతని మీదనే. కానీ ఎంత ప్రయత్నించినా బ్యాటుకు బంతి సరిగా తగలలేదు. నెల ముగిసేసరికి సగటు 150 దగ్గరే ఉన్నది. అప్పుడు అతడు యజమాని వద్దకు వెళ్ళి, ఈ నెల జీతము నేను సంపాదించలేదు, తిరిగి తీసుకోండి అన్నాడు. యజమాని జీన్ ఆట్రీ ఒకప్పుడు సినిమాలలో గుర్రము మీద పాటలు పాడి పేరు తెచ్చుకొన్నవాడు. ఆయన ఒప్పుకోలేదు. అయినా బాస్టాక్ ఆ డబ్బు ఉంచుకోలేదు, అవసరములో ఉన్నవారికి ఇచ్చివేస్తానన్నాడు. ఆ మాట బయటికి పొక్కగానే వేల కొద్దీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అతడు వాటిని ఒక్కొక్కటిగా చూచి, ఎవరి అవసరము ఎక్కువో తేల్చుకొనే ప్రయత్నము చేశాడు.

ప్రియులారా, ఇక్కడ ఒక్క నిమిషము ఆగుదాము. జక్కయ్య కథ మీకు తెలుసు. అతడు అన్యాయముగా తీసుకొన్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. బాస్టాక్ అన్యాయముగా తీసుకొన్నది ఏమీ లేదు. ఒప్పందము ఉన్నది, సంతకము ఉన్నది. ఆడుట మానలేదు, ఒళ్ళు దాచుకోలేదు. ఫలితము రాలేదు, అంతే. ఏ న్యాయస్థానమూ అతనిని అడగదు. అడిగినది అతని మనస్సాక్షియే. ఎవరూ అడగని లెక్క తనంతట తానే ఒప్పజెప్పుట అరుదైన సంగతి.

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ కథ విని, పని సరిగా చేయలేదని కూలివాని డబ్బు పట్టుకోవచ్చునని ఎవరైనా అనుకొంటే వారు దీనిని తలక్రిందులు చేసినట్లే. యాకోబు పత్రిక 5వ అధ్యాయము అటువంటి యజమానుల గురించి ఎంత కఠినముగా మాట్లాడుతుందో ఇంటికి వెళ్ళి చదవండి. ఇందులో యజమాని ఇచ్చిన జీతము వెనుకకు తీసుకోలేదు. పనివాని చెడ్డ నెలను కూడా తానే భరించాడు. పుచ్చుకొన్నవాడు తన మనస్సాక్షి మాట విన్నాడు. ఇద్దరూ ఎవరి ధర్మము వారు చేశారు. యజమాని పాఠము పనివానికి, పనివాని పాఠము యజమానికి చెప్పుకొంటూ పోతే ఇద్దరూ మారరు.

ఆ తరువాత బాస్టాక్ ఆట కోలుకొన్నది. జూన్ నెలలో అతని సగటు 404. సెప్టెంబరు నాటికి మొత్తము సంవత్సరము సగటు 300కు దగ్గరగా చేరింది.

1978 సెప్టెంబరు 23న ఏంజిల్స్ జట్టు షికాగోలో ఆడింది. ఆట అయిన తరువాత బాస్టాక్ దగ్గరలోనే ఉన్న గేరీ పట్టణానికి మేనమామను చూడటానికి వెళ్ళాడు. ఆ సాయంత్రము మేనమామ కారు నడుపుతుండగా, ఇద్దరు అక్కచెల్లెళ్ళు కూడా అందులో ఉన్నారు. వారిలో ఒకామెకు భర్తతో తగాదా, విడిగా ఉంటున్నది. ఆ భర్త మరొక కారులో వెంబడించి వచ్చి, సిగ్నలు దగ్గర కారు ఆగినప్పుడు తుపాకి పేల్చాడు. అతని గురి భార్య మీద. తగిలినది ఆ తగాదాతో ఏ సంబంధమూ లేని బాస్టాక్‌కు. ఆ రాత్రియే ఆసుపత్రిలో చనిపోయాడు. వయస్సు 27 సంవత్సరాలు.

హంతకునికి మతి స్థిమితము లేదని న్యాయస్థానము తీర్పు ఇచ్చింది. హత్య జరిగి రెండేళ్ళు నిండకముందే అతడు విడుదలై బయటికి వచ్చాడు. ఆ తీర్పు తరువాత ఇండియానా రాష్ట్రమువారు తమ చట్టాన్ని మార్చుకొన్నారు. కానీ బాస్టాక్ తల్లికి, భార్యకు అందవలసిన న్యాయము అందలేదు.

ఇంత మంచివానికి ఇటువంటి మరణము ఎందుకు అని మీరు అడుగుతారు. మా వద్ద జవాబు లేదు. సిలోయము గోపురము కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులు గనుక చనిపోయారనే తలంపును మన ప్రభువు ఒప్పుకోలేదు. బ్రతికి ఉన్నవారిని తమ్మును తాము చూచుకోమన్నాడు. గనుక మేము కూడా బాస్టాక్ మరణానికి కారణము కనిపెట్టుటకు ప్రయత్నించము. ఒక్క మాట మాత్రము మీ ఇండ్ల నిమిత్తము చెబుతాము. భార్యాభర్తల మధ్య అనుమానము, కోపము పెరిగితే అది ఆ ఇద్దరితో ఆగిపోదు. దారిన పోయేవానిని కూడా కాల్చివేస్తుంది. తగాదా చిన్నదిగా ఉన్నప్పుడే పెద్దలను పిలవండి, కాపరిని పిలవండి.

పెద్ద లీగులో బాస్టాక్ ఆడినది నాలుగే సంవత్సరాలు, 526 ఆటలు. మొత్తము సగటు 311. ఎక్కువకాలము బ్రతికి ఉంటే ఎన్ని రికార్డులు వ్రాసేవాడో ఎవరూ చెప్పలేరు. కానీ మాకు పదేపదే గుర్తుకు వచ్చేది ఆ ఏప్రిల్ నెల జీతమే. దానిని గురించి తరువాత చూద్దాములే, సంవత్సరము చివర ఆలోచిద్దాములే అని ఊరుకొని ఉంటే ఆ లెక్క అలాగే మిగిలిపోయేది. ఇంకా ఐదు నెలలే ఉన్నాయని అతనికి తెలియదు. మనకూ తెలియదు.

మీలో కూలి తీసుకొనేవారు ఉన్నారు, కూలి ఇచ్చేవారు ఉన్నారు, బడిలో పాఠము చెప్పి జీతము తీసుకొనేవారు ఉన్నారు. మావంటి సేవకులు కూడా ఈ పేజీ చదువుతారు. వచ్చే మొదటి ఆదివారము కవరు మా చేతికి వచ్చినప్పుడు, ఈ నెల మేము గడప తొక్కని ఇండ్ల పేర్లు ముందుగా వ్రాసుకొంటాము. ఆ ఇండ్లకు వెళ్ళి వచ్చిన తరువాతనే కవరు తెరుస్తాము. మీ లెక్క ఏమిటో మీరు మీ ఇంటిలో, ప్రభువు యెదుట కూర్చుండి చూచుకోండి. చూచుకొన్న రోజునే తీర్చివేయండి.

ప్రభువు మీ చేతి పనిని ఆశీర్వదించును గాక. ఆమెన్.